స్టిక్కరు ఖరీదు పంతొమ్మిది వందల డాలర్లు

పికప్ కొంటున్నాం అని ఫోన్లో చెప్పగానే మా అత్తగారు అడిగిన మొదటి ప్రశ్న, "ఉద్యోగం గానీ పోయిందా బాబూ?" అని. లేదండీ అన్నాను. ఒక్క నిమిషం ఆగి, "మరి అద్దెకి తిప్పుతారా?" అన్నారు.

ఆవిణ్ణి అనడానికేం లేదు. మన వైపు పికప్ అంటే బొలెరో. తెల్లారుజామున టమాటా ట్రేలు, మధ్యాహ్నం సిమెంటు బస్తాలు, సాయంత్రం పెళ్ళివారి కుర్చీలూ గిన్నెలూ. సొంత వాడకానికి పికప్ కొనుక్కునే మనిషిని మనం పెద్దగా చూసి ఎరగం. మన శ్రీసిటీలోనే ఇసుజు వాళ్ళు 2016లో డి-మాక్స్ వి-క్రాస్ అని అచ్చంగా అలాంటి బండే తయారు చెయ్యడం మొదలెట్టారు. అయినా ఖమ్మంలో మా అత్తగారి దృష్టిలో వెనక ఖాళీ తొట్టి ఉన్న బండి ఏదైనా సరే బాడుగ బండే.

ఇక్కడి తెలుగు స్నేహితుల వరస ఇంకోలా ఉంది. "ఏంట్రా, కౌబాయ్‌వి అయిపోతున్నావా" అని ఒకడు. "ఆ డబ్బులకి టెస్లా వస్తుంది కదా" అని ఇంకొకడు (వీడు దేనికైనా ఇదే అంటాడు, ఫ్రిజ్ కొంటానన్నా ఇదే అంటాడు). అందరూ అనుకున్నది ఒకటే, ఇది నా సరదా అని. ముప్ఫయ్యేళ్ళు దగ్గర పడుతున్నాయి, కుర్రాడికి ఏదో మోజు పుట్టింది అని. అసలు ఆ బండి నడిపేది నేను కాదు. మా ఆవిడ.

తను ఫిజియోథెరపిస్టు. ఆసుపత్రిలో కూర్చుని చేసే పని కాదు, పేషెంట్ల ఇళ్ళకి వెళ్ళి చేయించే పని. మేముండేది కొలరాడోలో బెయిలీ అనే ఊరి దగ్గర, డెన్వర్ నుంచి నైరుతిగా గంట ప్రయాణం, ఏడువేల ఏడొందల అడుగుల పైన. నాది ఇంట్లోంచి పని కాబట్టి నేను ఎక్కడున్నా ఒకటే, తన పేషెంట్లు ఉన్న చోటికి మేమే మారాం. తను వారంలో నాలుగు రోజులు యు.ఎస్. 285 మీద కెనోషా పాస్ దాటి అవతల జెఫర్సన్, ఫెయిర్‌ప్లే వైపు వెళ్ళాలి. ఆ పాస్ ఎత్తు పదివేల అడుగులు. హైవే వరకూ పర్లేదు, మంచు పడితే గవర్నమెంటు వాళ్ళు గంటల్లో గీకేస్తారు. హైవే దిగాకే కథ. కౌంటీ మట్టి రోడ్డు, దాని మీంచి ఎవరి సొంత దారి వాళ్ళది. డెబ్భై ఏళ్ళ ముసలాయన, మోకాలి మార్పిడి అయి పది రోజులైంది, ఆయన తన దారి తను గీక్కోలేడు. అందుకే కదా ఈవిడ వెళ్తోంది.

మోకాలి ఆపరేషన్ గురించి తను చెప్పగా నాకు తెలిసిందేంటంటే, కొత్త కీలు వేశాక మొదటి కొన్ని వారాల్లోనే దాన్ని వంచడం అలవాటు చెయ్యాలట. ఆ వారాల్లో బద్ధకిస్తే లోపల బిగిసిపోతుంది, తర్వాత ఎంత తంటాలు పడినా ఆ వంపు పూర్తిగా రాదు. అంటే ఒక తుఫాను వారంలో రెండు విజిట్లు పోతే అది కేవలం కాలెండర్లో రెండు గడులు ఖాళీ అవడం కాదు.

పోయిన ఫిబ్రవరిలో తన చిన్న సెడాన్ ఒక పేషెంటు ఇంటి దారిలో జారి పక్కన కాలవలోకి ఒరిగింది. ఉత్తరం వైపు వాలు, ఎండ తగలదు, పైన పిండిలాంటి మంచు, కింద గాజులాంటి ఐసు. ఫోనుకి సిగ్నల్ లేదు. నలభై నిమిషాల తర్వాత పక్కింటాయన పాత ట్రక్కు వేసుకొచ్చి గొలుసు కట్టి లాగాడట. తను ఆ పేషెంటు చేత ఎక్సర్‌సైజులు చేయించి, ఇంకో ఇద్దరి ఇళ్ళకి కూడా వెళ్ళి, ఇంటికొచ్చి, అన్నం తిన్నాక, చేతులు కడుక్కుంటూ "నాకు వేరే బండి కావాలి" అంది. అంతే. పైన చెప్పిందంతా నేను రెండ్రోజుల పాటు గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చింది.

సుబారు చాలదా అని మీరు అడిగేలోపే చెప్తా. కొలరాడోలో ప్రతివాడూ అడిగేది అదే. చాలా మటుకు చాలుతుంది. కాకపోతే మాకు చెత్త బండి రాదు, మా చెత్త మేమే మోసుకెళ్ళి కౌంటీ వాళ్ళ చోట పడెయ్యాలి. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది, చలికాలానికి కట్టెలు తెచ్చుకోవాలి. ఇవన్నీ సుబారు వెనక సీట్లు మడిచి చేసేవాళ్ళున్నారు గానీ, చెత్తా, పేషెంటు కోసం మోసే వాకరూ ఒకే చోట పెట్టడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. ఇది తర్కం. తర్కానికి అవతల ఇంకోటి ఉంది, తనకి ఎత్తులో కూర్చుని నడపడం ఇష్టం. ఇష్టం అనే మాట బడ్జెట్ షీటులో ఏ గడిలో రాయాలో నాకు తెలీదు కాబట్టి రాయలేదు.

అలా వెతుకుతుంటే ఒకే చోట రెండు బళ్ళు దొరికాయి. రెండూ 2020 ఎఫ్-150లే. రెండూ ఎక్స్ఎల్‌టీ, రెండూ ఫోర్-బై-ఫోర్, ఒకే ఇంజను, అరవై వేల మైళ్ళకి కొంచెం అటూ ఇటూ. ఒకదాని ధర 29,900. రెండోదానిది 31,800. తేడా ఏంటయ్యా అంటే రెండోదాని తొట్టి పక్కన ఎఫ్ఎక్స్4 ఆఫ్-రోడ్ అని స్టిక్కరుంది.

స్టిక్కరుకి పంతొమ్మిది వందలా అని మనసులో అనుకున్నా. సేల్స్‌మాన్ మాత్రం, "మీరుండేది కొండల్లో కదా, ఇక్కడ ఎఫ్ఎక్స్4 లేకుండా ఎవరూ కొనరు" అన్నాడు. చెప్పేది నాతో, చూసేది నా వైపు. నడిపేది తను అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పలేదు, తనే వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చుంది.

ఇక ఇంటికొచ్చి నేను చేసింది మీరూ చేసేదే. ఒక స్ప్రెడ్‌షీటు తెరిచాను.

ఈ ఆఫ్-రోడ్ ప్యాకేజీలు ప్రతి కంపెనీకీ ఉన్నాయి. ఫోర్డుకి ఎఫ్ఎక్స్4, షెవర్లేకి జెడ్71, టొయోటాకి టీఆర్‌డీ ఆఫ్-రోడ్, నిస్సాన్‌కి ప్రో-4ఎక్స్. వీటిలో జెడ్71 పుట్టుక నాకు భలే నచ్చింది. 1988లో జీఎమ్ వాళ్ళ ఆర్డరు ఫారంలో ఒక ఆప్షన్‌కి ఉన్న కోడ్ అది, మన కాన్ఫిగ్ ఫైల్లో ఫ్లాగ్ పేరులాగ. తర్వాత ఆ కోడ్‌నే పెద్ద స్టిక్కరుగా బండి మీద అంటించారు, అదే బ్రాండ్ అయి కూర్చుంది. ఎవడో ప్రోగ్రామరు పెట్టిన వేరియబుల్ పేరు ప్రోడక్టు పేరయిపోయినట్టు!

స్టిక్కరు తీసేస్తే 2020 ఎఫ్ఎక్స్4లో మిగిలేవి: వెనక ఇరుసుకి ఎలక్ట్రానిక్ లాకింగ్ డిఫరెన్షియల్, ఆఫ్-రోడ్‌కి తగ్గట్టు ట్యూన్ చేసిన షాక్ అబ్జార్బర్లు, పెట్రోలు ట్యాంకుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ ముందు డిఫరెన్షియల్‌కీ కింద రక్షణ రేకులు, ఇంకా హిల్ డిసెంట్ కంట్రోల్. అంతే. చాలామంది అనుకుంటున్నట్టు బండి ఎత్తు పెరగదు. ఫోర్-బై-ఫోర్ అనేది ఈ ప్యాకేజీ ఇచ్చేది కాదు, అది ముందే ఉంది. లో-రేంజి గేరు కూడా మామూలు ఫోర్-బై-ఫోర్‌లోనే వచ్చేస్తుంది. సేల్స్‌మాన్ మాటలు వింటే మాత్రం ఎఫ్ఎక్స్4 లేని బండి తార్రోడ్డు దిగగానే కూలబడిపోతుందేమో అనిపిస్తుంది.

షాకులు సంగతి తేల్చడం తేలిక. అరవై వేల మైళ్ళు తిరిగిన బండిలో అవి ఎలాగూ సగం ఆయుష్షు తీరినవే. రక్షణ రేకులు రాళ్ళ మీద పాకే వాళ్ళకి పనికొస్తాయి, ముసలాయన ఇంటి దారిలో రాళ్ళు లేవు, గడ్డకట్టిన మంచు గట్లున్నాయి. ఒకటీ రెండుసార్లు అడుగున గీరుకుంటే ఆ రేకు ఆదుకోవచ్చు, కాదనను. దానికి నేను ఓ వంద డాలర్ల విలువ కట్టాను.

అసలు తేలాల్సింది ఆ లాక్ సంగతి.

ఇక్కడ కొంచెం పిడకల వేట. డిఫరెన్షియల్ అంటే మెకానికల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, నేను చదివింది కంప్యూటర్ సైన్సు కాబట్టి నా పద్ధతిలో చెప్పుకుంటా. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. రెండిటినీ ఒకే కడ్డీకి బిగిస్తే ఒకటి ఈడ్చుకుపోతుంది. అందుకని మధ్యలో గేర్లు పెట్టి, ఎవరి వేగం వాళ్ళది అని వదిలేశారు. పొడి రోడ్డు మీద ఇది బంగారం. కానీ ఒక చక్రం ఐసు మీద, ఇంకోటి కంకర మీద ఉంటే? ఐసు మీది చక్రం పట్టు దొరక్క గిర్రున తిరుగుతుంది. దానికి పట్టు ఎంతుందో, రెండో చక్రానికీ అంత బలమే అందుతుంది, అంటే దాదాపు సున్నా. కంకర మీద గట్టిగా నిలబడ్డ చక్రం పాపం చేతులు కట్టుకుని చూస్తుంటుంది.

మనలో ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళకి ఇది చూసిన సినిమానే. లోడ్ బాలెన్సర్ వెనక రెండు సర్వర్లు. ఒకటి పాడై, వచ్చిన ప్రతి రిక్వెస్టుకీ క్షణంలో ఎర్రర్ తిప్పి కొడుతోంది. బాలెన్సరు దాన్ని చూసి ఆహా ఎంత చురుగ్గా ఉంది అనుకుని ట్రాఫిక్కంతా దానికే పంపుతుంది. బాగున్న సర్వరు ఖాళీగా కూర్చుంటుంది. రాత్రి రెండింటికి మనకి ఫోనొస్తుంది. తాళం వెయ్యని డిఫరెన్షియల్ సరిగ్గా ఆ బాలెన్సరే. లాక్ వేస్తే రెండు చక్రాలూ కలిసి తిరగాల్సిందే, పట్టున్న చక్రం పనిలోకి దిగుతుంది.

అయితే ఇప్పటి బళ్ళలో లాక్ లేకపోయినా ట్రాక్షన్ కంట్రోల్ ఉంటుంది. తిరుగుతున్న చక్రానికి బ్రేకు వేసి, బలం రెండో చక్రానికి మళ్ళేలా చేస్తుంది. హెల్త్ చెక్ అన్నమాట. ఆలస్యంగా స్పందిస్తుంది, చక్రం కాస్త తిరిగాకే తెలుసుకుంటుంది, ఎక్కువసేపు వాడితే బ్రేకులు వేడెక్కుతాయి. కానీ పదింట తొమ్మిదిసార్లు పని నడిచిపోతుంది. ఇప్పుడు ప్రశ్న ఆ పదో సారికి ఎంత పెట్టాలని.

ఇంతవరకూ చదివి ఒక శనివారం రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నకి ఇంగ్లీషు కార్ల పేర్లు తెలీవు, నేను ఎఫ్ఎక్స్ అనీ డిఫరెన్షియల్ అనీ పావుగంట చెప్పాను. అంతా విని, "ఒరేయ్, అది మన ట్రాక్టరుకి ఉన్న లాక్ పెడలే కదరా" అన్నారు.

అవును కదా! ట్రాక్టరులో కుడి మడమ దగ్గర చిన్న పెడల్ ఉంటుంది. చిన్నప్పుడు దాని మీద కాలు పడితే నాన్న నెత్తిన మొట్టేవారు. దమ్ము చేసేటప్పుడు ఒక చక్రం ఊబిలో దిగబడి తిరుగుతుంటే ఆ పెడల్ తొక్కుతారు, రెండో చక్రం పట్టుకుని బండి బయటికొస్తుంది. పద్దెనిమిదేళ్ళు మా ఇంటి ముందర నిలబడి ఉన్న యంత్రం అది. నేనేమో దాన్ని అమెరికాలో యూట్యూబు చూసి నేర్చుకుంటున్నా.

నాన్న మూడు మాటలు చెప్పారు. ఒకటి, లాక్ తొక్కి స్టీరింగ్ తిప్పకూడదు. రెండు, దిగబడ్డాక తొక్కితే ఇంకా లోతుకి తవ్వుకుంటావు, దిగబడబోతోంది అనగానే, చక్రం తిరగడం మొదలవ్వకముందే తొక్కాలి. మూడోది చెప్పే ముందు "ఆ అమ్మాయి వెనక బరువేమన్నా వేసుకుంటుందా?" అని అడిగారు. తొట్టి ఖాళీ అన్నాను. "ఖాళీ బండికి లాక్ ఎందుకురా, ముందు నాలుగు బస్తాలు ఇసకెయ్యి. టైరు మంచిది వెయ్యి. అరిగిపోయిన టైరుకి లాక్ వేస్తే ఒకటి బదులు రెండు జారతాయి" అన్నారు.

ఈ ఆఖరి మాట మీద నేను చాలాసేపు కూర్చున్నాను. పికప్ వెనక భాగం ఖాళీగా ఉంటే తేలిక, బరువంతా ముందు ఇంజను మీద ఉంటుంది. అడ్డంగా వాలిన ఐసు దారి మీద వెనక చక్రాలు రెండూ లాకై కలిసి జారితే, బండి తోక పల్లం వైపుకి పక్కకి పోతుంది. ఒక చక్రం తిరుగుతూ రెండోది ఊరికే నిలబడి ఉన్నప్పుడు, ఆ నిలబడ్డ చక్రమే తోకని పక్కకి పోకుండా పట్టుకుని ఉంటుంది. అంటే లాక్ అనేది మంచులో అన్నిచోట్లా మంచిది కాదు. తిన్నగా ఎక్కే దారిలో వరం, పక్కకి వాలిన దారిలో గండం. ఎప్పుడు వెయ్యాలో, ఎప్పుడు తీసెయ్యాలో తెలిసిన మనిషికే అది పనికొచ్చేది. ఆ రెండు వేల డాలర్లలో ఆ తెలివి రాదు.

టైర్ల సంగతి చూద్దామని దిగితే అది ఇంకో లోకం. టైరు గోడ మీద ఎం ప్లస్ ఎస్ అని ఉంటే మంచుకి పనికొస్తుందనుకునేవాళ్ళు చాలామంది. అది గాళ్ళ ఆకారాన్ని బట్టి ఇచ్చుకునే గుర్తు, మంచు మీద పరీక్ష పెట్టి ఇచ్చేది కాదు. మూడు శిఖరాల కొండా, దాని లోపల మంచు పువ్వూ ఉండే బొమ్మ ఇంకోటుంది. అది కావాలంటే టైరు నిజంగా మంచు మీద పరీక్ష పాసవ్వాలి. మేం చూసిన రెండు బళ్ళలో స్టిక్కరు ఉన్నదాని టైర్లకి ఈ బొమ్మ లేదు, పైగా సగానికి పైగా అరిగాయి. అంటే పంతొమ్మిది వందలు ఎక్కువిచ్చి ఆఫ్-రోడ్ బండి కొన్నా మళ్ళీ టైర్లు కొనాల్సిందే.

కొలరాడోలో ట్రాక్షన్ చట్టం అని ఒకటుంది. సెప్టెంబరు నుంచి మే దాకా ఐ-70 కొండ భాగంలో మారిసన్ నుంచి డొట్సెరో వరకూ, మిగతా హైవేల మీద తుఫాను వచ్చి ప్రకటించినప్పుడూ వర్తిస్తుంది. ఫోర్-బై-ఫోర్ అయినా సరే టైరు గాడి అంగుళంలో పదహారింట మూడు వంతుల లోతు ఉండాల్సిందే. చట్టం అడిగేది గాడి లోతు. ప్యాకేజీ పేరు ఎక్కడా అడగదు.

సరే, మరి హిల్ డిసెంట్ కంట్రోల్? దీని మీద మాత్రం నేను మెత్తబడ్డాను. ఆ ఫిబ్రవరి రోజు తను జారింది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఈ వ్యవస్థ ఏం చేస్తుందంటే, మనం బ్రేకు మీంచి కాలు తీసేసినా, నాలుగు చక్రాలకీ విడివిడిగా బ్రేకులు వేస్తూ ఒకే నిదానపు వేగంతో దింపుతుంది. కంగారులో మనం గబుక్కున బ్రేకు తొక్కే కంటే నయం. దీనికోసమైనా స్టిక్కరు బండి తీసుకుందాం అన్నాను. నా స్ప్రెడ్‌షీటులో దీనికి ఆరొందలు కట్టాను, ఎందుకు ఆరొందలు అంటే నా దగ్గర జవాబు లేదు.

మా ఆవిడ స్ప్రెడ్‌షీటు చూడలేదు. మళ్ళీ టెస్ట్ డ్రైవుకి వెళ్దాం అంది. ఈసారి మామూలు బండి తీసుకుని, మాకు తెలిసిన ఒక నిటారు మట్టి దారికి తీసుకెళ్ళింది. లో-రేంజిలో పెట్టింది, గేరు మీటకున్న బటన్‌తో ఒకటో గేరు దాటకుండా ఆపింది, బ్రేకు మీంచి కాలు తీసేసింది. బండి దానంతటదే మనిషి నడక వేగంతో కిందకి దిగింది. ఇంజను పట్టి ఆపుతోంది, ముందూ వెనకా కలిసి ఉన్నాయి కాబట్టి ఆ ఆపడం నాలుగు చక్రాలకీ పంచుకుపోతోంది. కంప్యూటరు లేదు, ఎక్కువ డబ్బులూ లేవు. "ఇది నాకు చాలు" అంది. ఐసు మీద సరిపోతుందా అన్నాను. "పూర్తి ఐసు మీద ఏదీ సరిపోదు. అప్పుడు కింద ఆపి నడిచి ఎక్కుతా. ఎక్కడ ఆపాలో నాకు తెలుసు" అంది. ఫిబ్రవరి తర్వాత తను ప్రతి పేషెంటు ఇంటి దారికీ ఒక కాగితం మీద గీసుకున్న మ్యాపు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. ఎక్కడ నీడ, ఎక్కడ వాలు, ఎక్కడ బండి తిప్పుకోవచ్చు, అన్నీ.

లాక్ మాత్రం కావాలంది. తిన్నగా ఎక్కే దారులు నాలుగున్నాయట తన మ్యాపులో.

ఇక్కడే నా గూగుల్ చదువు అక్కరకొచ్చింది. ఆ ఏళ్ళ ఎఫ్-150లో లాకింగ్ ఇరుసు ఎఫ్ఎక్స్4తోనే రావాలని లేదు, విడిగా కూడా ఆర్డరు చేసుకోవచ్చు. అలా కొన్న బండికి బయట ఏ స్టిక్కరూ ఉండదు. అమ్మేవాళ్ళకి కూడా చాలాసార్లు తెలీదు, ప్రకటనలో రాయరు. మరెలా తెలుసుకోవడం? డ్రైవరు తలుపు తీస్తే ఫ్రేము మీద ఒక తెల్ల లేబులుంటుంది, అందులో యాక్సిల్ అనే గడిలో రెండక్షరాల కోడ్. 19 అని ఉంటే 3.55 గేరు నిష్పత్తి, లాక్ లేదు. ఎల్9 అని ఉంటే అదే నిష్పత్తి, లాక్ ఉంది. ఎల్ అంటే లాక్. ఎవరో మంచి ఇంజనీరు పెట్టిన పేరు.

నేను రెండు వారాల పాటు కనపడ్డ ప్రతి సేల్స్‌మాన్‌కీ ఒకటే మెసేజీ పెట్టాను, తలుపు లేబులు ఫొటో పంపండి అని. పదకొండు మందిలో ఏడుగురు పంపారు. ఇద్దరు బండి బయటి ఫొటోలు పంపారు. ఒకాయన ఫోన్ చేసి ఏ కోడ్ కావాలి, మీరు డీలరా అని అడిగాడు. ఆరో ఫొటోలో ఎల్9 దొరికింది. ప్యూబ్లోలో. 2020దే, ఎక్స్ఎల్‌టీ, 2.7 లీటర్ల ఎకోబూస్ట్, అరవై నాలుగు వేల మైళ్ళు, 29,400.

ఈ మధ్యలో స్టిక్కరు వైపు వాదించే వాళ్ళ మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మళ్ళీ అమ్మేటప్పుడు ఎఫ్ఎక్స్4 ఉన్న బండికి ధర ఎక్కువొస్తుంది. నిజమే, మమ్మల్ని ఎక్కువ అడిగారంటేనే అర్థం అది. ఇవాళ పంతొమ్మిది వందలు ఎక్కువ పెడితే ఐదేళ్ళ తర్వాత అందులో సగమైనా తిరిగి రావచ్చు. ఐదేళ్ళ తర్వాత నేను ఇక్కడ ఉంటే. మనందరికీ తెలిసిన లెక్కే ఇది. లోను అరవై నెలలు. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద దొరికే గడువు అరవై రోజులు. ఆ గడువులో బండి అమ్మాల్సి వచ్చినవాడికి స్టిక్కరు విలువ ఎవడూ కట్టడు, ఎంతొస్తే అంతకి ఇచ్చి విమానం ఎక్కడమే. పోయినేడాది మా పాత టీములో ఒకతను అలాగే చేశాడు. కాబట్టి నా మటుకు నేను ఒక నియమం పెట్టుకున్నా, ఈ దేశంలో కొనే ఏ వస్తువుకీ మళ్ళీ అమ్మితే వచ్చే ధరని లెక్కలో కలపను. వస్తే సంతోషం. అవసరానికి వాడుకున్నదే రాబడి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు ఈ పేరా వదిలెయ్యొచ్చు :-)

ఇంకో వాదన మా స్నేహితులది. బండి ఉంది కదా, శాన్ వాన్ కొండల్లో ఆల్పైన్ లూప్‌కి పోదాం, అందులో ఇంజనీర్ పాస్ ఉంది, మనలాంటివాళ్ళ పేరే పెట్టారు, అక్కడికి ఎఫ్ఎక్స్4 లేకుండా ఎలా అని. పన్నెండు వేల ఎనిమిది వందల అడుగులు. నాకూ వెళ్ళాలని ఉంది. కానీ ఆ దారులకి పొడుగాటి పెద్ద పికప్ కంటే పొట్టి జీపు నయం, మలుపులు అంత ఇరుకు. యూరే ఊళ్ళో జీపులు అద్దెకిస్తారు. ఏడాదికి ఒకసారి వెళ్ళే చోటు కోసం ఏడాదంతా బరువు మొయ్యడం నాకు నచ్చదు. ఎవరైనా నెలకి రెండుసార్లు రాళ్ళ దారులకి వెళ్ళేవాళ్ళుంటే వాళ్ళు నిశ్చింతగా ప్యాకేజీ తీసుకోవచ్చు, రేకులూ షాకులూ విడివిడిగా తర్వాత వేయించుకుంటే అంతకంటే ఎక్కువే అవుతుంది. కొత్త బండి కొనేవాళ్ళకి కూడా లెక్క వేరు, ఆ రోజుల్లో కొత్తదాని మీద దీని ధర వెయ్యి డాలర్లకి అటూ ఇటూనే ఉండేది. వెయ్యికైతే నేనూ వాదించేవాణ్ణి కాదేమో. పాత బండి మీద పంతొమ్మిది వందలంటేనే నాకు మింగుడు పడలేదు.

ప్యూబ్లో బండి తీసుకున్నాం. స్టిక్కరు బండితో పోలిస్తే మిగిలింది 2,400. అందులో మంచు పువ్వు బొమ్మ ఉన్న నాలుగు ఆల్-టెర్రెయిన్ టైర్లకి బిగింపుతో కలిపి 1,180 అయింది. చెయిన్లు, ఒక మడత పార, లాగే పట్టీ, టైర్లలో గాలి తగ్గించి మళ్ళీ నింపుకోడానికి చిన్న కంప్రెసరు, ఇవన్నీ కలిపి ఇంకో మూడొందల పైన. ఫోనుకి సిగ్నల్ లేని చోట కూడా మెసేజీ పంపే శాటిలైట్ పరికరం ఒకటి కొన్నాను, దాన్ని నేను ఆఫ్-రోడ్ ప్యాకేజీ కిందే రాసుకున్నా. ఇసక బస్తాలు నాలుగు, ఒక్కోటి అరవై పౌన్లు, సరిగ్గా వెనక ఇరుసు మీద పడేలా పెట్టి, కదలకుండా అడ్డంగా చెక్క బిగించాను. ఆ ఫొటో నాన్నకి వాట్సాప్‌లో పంపితే, "బస్తాలు ఇంకొంచెం ముందుకి జరుపు" అని వాయిస్ మెసేజీ పెట్టారు. జరిపాను.

మా అత్తగారికి వీడియో కాల్లో బండి చూపించాం. తొట్టిలో ఇసక బస్తాలు చూసి ఆవిడేం మాట్లాడలేదు. తర్వాత మా ఆవిడతో విడిగా అన్నారట, మీ ఆయన నీ దగ్గర ఏదో దాస్తున్నాడు, ఇసక వ్యాపారం పెట్టినట్టున్నాడు అని.

ఇప్పుడు అక్టోబరు. మొన్న కెనోషా మీద మొదటి మంచు పడింది, రెండంగుళాలు, మధ్యాహ్నానికి కరిగిపోయింది. ఆదివారాలు ఒక ఖాళీ పార్కింగ్ లాట్‌లో తను లాక్ వెయ్యడం, తియ్యడం ప్రాక్టీసు చేస్తోంది, నేను పక్క సీట్లో కూర్చుని నాన్న చెప్పినవి చెప్తున్నాను. తిప్పేటప్పుడు తీసెయ్యి, తిప్పేటప్పుడు తీసెయ్యి అని మూడోసారి అనేసరికి దిగి నడిచి రమ్మంది. వచ్చే సోమవారం తన మ్యాపులోని నాలుగు దారుల్లో ఒకదానికి వెళ్ళాలి, కొత్త పేషెంటు, తుంటి ఆపరేషన్ అట. సూచనలో ఎనిమిదంగుళాలు అంటున్నారు.